నాంచారమ్మ కల్వం

నేను ఒక కల్వాన్ని. మందులు నూరుకునే నల్లరాతి రోలుని. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు. చూడటానికి చిన్న పడవలా ఉంటాను. నా కడుపులో అటూ ఇటూ దొర్లే రాతిముక్కని పొత్రం అంటారు. చాలాకాలం నన్ను నేను వైద్యుణ్ణనుకున్నాను. పొత్రం ఏనాడూ అలా అనుకోలేదు. తిప్పితే తిరగడం, వదిలేస్తే ఆగడం, అంతే దాని సంగతి. మా ఇద్దరిలో తెలివైనది అదేనని తెలియడానికి నాకు ముప్పై ఏళ్ల పైనే పట్టింది.

పుట్టుక గురించి గొప్పగా చెప్పుకుందామంటే అదీ కుదరదు. మాచర్ల వైపు ఒక పల్లెలో బ్రహ్మయ్య అనే శిల్పి మంచి నల్లరాయి ఒకటి తెచ్చి వినాయకుణ్ణి చెక్కడం మొదలుపెట్టాడు. తొండం దగ్గర ఉలి జారింది. రాయి రెండు ముక్కలైంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందని మీరు సామెత చెప్పుకుంటారు. నా అదృష్టం అంతవరకు కూడా రాలేదు. కోతికైనా ముఖమంటూ ఒకటి ఉండాలి కదా! బ్రహ్మయ్య కాసేపు నన్నూ, ఉలినీ, తన మేనల్లుణ్ణీ వరసపెట్టి తిట్టి, చివరికి బొజ్జ రావలసిన చోట గుంట తొలిచి కల్వం చేశాడు. దేవుడికి ముందుకి ఉండాల్సింది నాకు లోపలికి పోయింది.

నన్ను కొనుక్కెళ్లినవారు నరసరావుపేటలో ఆయుర్వేదం చేసే వరదాచార్యులు గారు. పంచె, ఉత్తరీయం, చెవిలో తులసి దళం. దగ్గుతో వచ్చినవాళ్లందరికీ ఆయన మందు పొట్లం చేతిలో పెట్టి, "పది రోజులు పథ్యం. పెరుగు తగలకూడదు, వంకాయ తగలకూడదు" అనేవారు. మామూలు దగ్గు ఏడో రోజుకి దాని దారిన అది పోతుంది. జనం మూడు రోజులు ముందే తగ్గిపోయిందని మురిసిపోయి, అరటిపళ్ల గెలతో వచ్చి ఆయన కాళ్లకి దండం పెట్టేవారు. నేను బల్ల మీదనుంచి ఆ దండాలన్నీ నాకే అనుకుని స్వీకరించేవాణ్ణి. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు నాలోనే కదా నలిగింది!

నిజానికి వాటిని నూరింది ఆచార్యులు గారు కూడా కాదు. ఆయన దగ్గర పనికి చేరిన నాంచారమ్మ. పెళ్లయిన కొత్తలో, ఇరవై ఏళ్లయినా నిండకముందు ఇల్లు ఊడ్వడానికి వచ్చింది. ఊడుస్తూ ఊడుస్తూ మూలికలు ఎండబెట్టడం నేర్చింది, ఎండబెడుతూ పేర్లు నేర్చింది, పేర్లతో పాటు ఏది దేనికో నేర్చింది. ఆమె చేతికి ఒక పద్ధతి ఉంది. గబగబా నూరదు. పొత్రాన్ని మూడు వేళ్లతో పట్టుకుని, ఊయల ఊపినట్టు ఊపుతుంది. పధ్నాలుగేళ్లు అలా ఊగాను.

ఆచార్యులు గారికి కళ్లు మసకబారి వైద్యం మానేసినప్పుడు, పుస్తకాలు ఒకరికి, త్రాసు ఒకరికి ఇచ్చి, నన్ను నాంచారమ్మ చేతిలో పెట్టారు. "నూరేదానివి నువ్వే. ఇందులో నాదని ఏముంది, తీసుకుపో" అన్నారు. నేను మాత్రం వైద్యుడు తన వారసుణ్ణి నాంచారమ్మకి అప్పగించాడనే అర్థం చేసుకున్నాను.

నాంచారమ్మ భర్తకి గుంటూరులో మూటలు మోసే పని దొరికింది. అలా గుంటూరు చేరాం. ఆయన పోయాక ఆమె మిరపకాయల షెడ్డులో పనికి కుదిరింది. మిరపకాయ తొడిమని అక్కడ ముచ్చిక అంటారు. ఊరి చివర రేకుల షెడ్డులో ఎర్రగా కొండలా పోసిన కాయల చుట్టూ యాభై అరవై మంది ఆడవాళ్లు కూర్చుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా ముచ్చికలు తీస్తారు. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకుంటారు. కట్టుకున్నా దుమ్ము ఎలాగో లోపలికి పోతుంది. ఒకరు దగ్గితే పక్కవాళ్లు అందుకుంటారు, వాళ్లనించి ఆ పక్కవాళ్లు. కొత్తగా ఆ వీధిలోకి వచ్చినవాళ్లు షెడ్డులో ఏదో గొడవ జరుగుతోందని అనుకుంటారట.

దగ్గు మందు తెలిసిన మనిషికి అంతకన్నా మంచి చోటు ఏముంటుంది? షెడ్డు వెనక వీధిలోనే నాంచారమ్మ ఇల్లు. పని వదిలాక ఆడవాళ్లు మెట్ల మీద చేరేవారు. నాంచారమ్మ ఒక్కొక్కరి దగ్గూ వినేది. పొడి దగ్గయితే అతిమధురం పొడి తేనెలో రంగరించి నాలిక మీద రాసేది. కఫం ఉంటే శొంఠి, మిరియాలు, పిప్పళ్లు సమంగా నూరి వేడినీళ్లలో ఇచ్చేది. గొంతు గరగరకి ఉప్పునీళ్లు పుక్కిలించి, కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమనేది. రొంప కూడా ఉంటే మరిగే నీళ్లలో పసుపు వేసి దుప్పటి కప్పి ఆవిరి పట్టించేది. మెట్ల పక్కన పాత బకెట్టులో తులసి, నూనె డబ్బాలో వామాకు పెంచింది.

కారం దుమ్ముతో వచ్చిన దగ్గుకి మిరియాల కారం వైద్యమేమిటని ఎవరూ అడగలేదు. షెడ్డుకి సెలవు వచ్చిన రోజు అందరికీ దగ్గు తగ్గేది. సెలవుకి రావలసిన ఆ మంచిపేరు కూడా నేనే కొట్టేశాను.

ఇక మస్తాన్‌బీ గురించి చెప్పాలి. నా వైద్యం బండారం బయటపెట్టిన మనిషి ఆమె.

మస్తాన్‌బీ షెడ్డులో నాంచారమ్మ పక్కనే కూర్చునేది. నలభై అయిదేళ్లుంటాయి. భర్త లేడు, ఒక్క కూతురు పొన్నూరులో కాపురముంటోంది. మాట కలిపితే ఎవరినైనా నవ్విస్తుంది. మేస్త్రి నడకనీ, లారీ హారన్‌నీ, తన అల్లుడు ఫోనులో మాట్లాడే తీరునీ అనుకరించి చూపిస్తుంటే ఆడవాళ్లు కాయలు వదిలేసి పొట్టలు పట్టుకునేవారు. ఆ ఏడాది మిరపకాయల రోజులు మొదలైన కొత్తలోనే ఆమెకి దగ్గు పట్టుకుంది.

"ఘాటు అక్కా, మామూలే," అంది మెట్ల మీద కూర్చుంటూ. "ఏదన్నా నూరి ఇయ్యి."

నాంచారమ్మ శొంఠీ మిరియాలూ నూరి ఇచ్చింది. వారం గడిచింది. తగ్గలేదు.

"పథ్యం చేయలేదా ఏందే నువ్వు?"

"చేశా అక్కా. నీ మీద ఒట్టు, పెరుగు మొహం చూడలా."

రెండో వారం అల్లం రసం, తేనె. మూడో వారం తమలపాకులో వాము. అదీ అయ్యాక అడ్డసరం ఆకు వాడ్చి పిండిన రసం. ఒక మందు పని చేయనప్పుడల్లా తప్పు ఎవరిదో నాంచారమ్మ కనిపెట్టేది. "ఈ రోజుల్లో మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతున్నారు," అనేది ఒకసారి. "తేనంటే తేనా ఇది? బెల్లప్పాకం," అనేది ఇంకోసారి. నేను కూడా ఆమెకి వంతపాడాను. తప్పు సరుకుది, కొట్టువాడిది, వాతావరణానిది. నాది మాత్రం కాదు. మీ మనుషుల్లో పెద్ద పెద్దవాళ్లు మాట్లాడే తీరు అది. రాయిని, నాకు ఇట్టే అబ్బింది.

ఈలోగా మస్తాన్‌బీ రవికె భుజాల దగ్గర వదులైంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. మేస్త్రి నడక అనుకరించి చూపించడం మానేసింది; మధ్యలో దగ్గు వస్తోందని.

ఇంట్లో దీన్ని ముందుగా పసిగట్టింది నాంచారమ్మ కోడలు శివపార్వతి. కొడుకు లారీ నడుపుతాడు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అత్తాకోడళ్లిద్దరే ఒకరికొకరు. శివపార్వతి ఆశా కార్యకర్త. నీలం చీర కట్టుకుని, భుజాన సంచి తగిలించుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. మనిషి నెమ్మది, మాట మాత్రం సూటి.

"అత్తా, మస్తానత్తకి ఎన్నాళ్లనించి దగ్గు?" అని అడిగింది ఒకరోజు పొయ్యి దగ్గర.

"మిరపకాయల్లో కూర్చునేవాళ్లకి దగ్గు ఎన్నాళ్లనించేందే? పుట్టినప్పటినించీను."

"అది కాదు. రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష చేయించాలి. నెలన్నర అయిందని తనే అంది నాతో."

"నువ్వు పుట్టకముందునించీ దగ్గులు చూస్తన్నా నేను. నీ డబ్బాల్లో ఉమ్మించుకుని ఏం కనిపెడతారంట? ఘాటు దగ్గది. సీజనైపోతే అదే తగ్గుద్ది."

"తగ్గకపోతే?"

నాంచారమ్మ నన్ను దగ్గరికి లాక్కుని మిరియాలు పోసి, కావలసినదానికన్నా గట్టిగా నూరింది. 'చూశావా, ఆ డబ్బాలకి ఇంత చరిత్ర ఉందా?' అని పొత్రంతో అన్నాను. పొత్రం ఏమీ అనలేదు. ఆ రోజు నలిగినంత అహంకారంగా మిరియాలు నా జన్మలో ఇంకోసారి నలగలేదు.

ఆ తర్వాత నాలుగు రోజులకి, మధ్యాహ్నం భోజనాల వేళ మస్తాన్‌బీ ఒక్కతే వచ్చింది. మెట్టు మీద కూర్చోవడానికి కూడా గోడ పట్టుకుంది. నాంచారమ్మ కషాయం గ్లాసులో పోసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగిందో లేదో దగ్గు తెర ముంచుకొచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయి, చాలాసేపు అలాగే ఉంది. తేరుకున్నాక కొంగు గబుక్కున మడిచి ఒళ్లో దాచుకుంది.

"ఏదీ, ఇటు చూపించు," అంది నాంచారమ్మ.

"ఏముంది అక్కా, మిరపకాయ మరక."

నాంచారమ్మ చేయి చాపి కొంగు విప్పింది. ఎర్రటి మరక. షెడ్డులో పని చేసే ఏ ఆడదాని చీర చూసినా ఎర్రమరకలే. కానీ నాంచారమ్మ ఇరవై ఏళ్లుగా ఆ చీరలే ఉతికిన మనిషి. మిరపకాయ మరక పొడిగా ఉంటుంది, వేలితో రాస్తే రాలుతుంది. ఇది రాలలేదు. తడిగా, వేలికి అంటుకుంది.

ఆమె ఆ వేలిని చూస్తూ ఉండిపోయింది. మస్తాన్‌బీ తల దించుకుంది.

"ఇంకేదన్నా నూరి ఇయ్యక్కా," అంది కాసేపటికి. "ఘాటైనది ఏదన్నా."

నాంచారమ్మ చేయి అలవాటుగా నా దగ్గరికి వచ్చింది. నాలో అంతకుముందు నూరిన పొడి కొంచెం మిగిలి ఉంది. పొత్రం పట్టుకుని దాన్నే తిప్పింది. అది అప్పటికే పిండిలా ఉంది. అయినా తిప్పుతూనే ఉంది. ఊయల ఊపులా కాదు, గబగబా. అన్నేళ్లలో అదే మొదటిసారి.

ఆమె మనసులో ఏం తిరిగిందో ఆ తర్వాత కోడలితో చెబుతుంటే విన్నాను. వరదాచార్యులు గారు కొందరి దగ్గు విని, మందు పొట్లం కట్టకుండా, "ఇది నా వల్ల కాదు నాయనా, పెద్దాసుపత్రికి వెళ్లు. ఇవాళే వెళ్లు" అని పంపించేసేవారట. నెలకి ఒకరో ఇద్దరో అలాంటివాళ్లు ఉండేవారట. నాంచారమ్మ ఆయన నూరమన్నవన్నీ నేర్చుకుంది, వద్దన్నవి మర్చిపోయింది. నాకైతే వాళ్ల సంగతే తెలియదు. ఎలా తెలుస్తుంది? వాళ్ల కోసం నాలో ఏమీ పడలేదు. నా లెక్కలో వాళ్లు రోగులే కారు.

నాంచారమ్మ పొత్రం వదిలేసింది.

"నా దగ్గర మందు లేదు, మస్తానూ."

"అట్టా అనమాక అక్కా."

"లేదే. దీనికి లేదు. పద, శివపార్వతి కాడికి పోదాం."

అప్పుడు మస్తాన్‌బీ ఏడ్చింది. ఏడుస్తూ, మధ్యలో దగ్గుతూ చెప్పింది. ఆమెకి పన్నెండేళ్లప్పుడు పెద్దన్న సైదాకి ఇదే జబ్బు వచ్చింది. ఇంటి వెనక పాకలో మంచం వేశారు. కంచం వేరు, గ్లాసు వేరు. అన్నం తీసుకెళ్లే పని మస్తాన్‌బీది. గుమ్మం దగ్గర పెట్టి వెనక్కి వచ్చేయాలి, లోపలికి పోకూడదు. ఎనిమిది నెలలు అలా పెట్టి వచ్చింది. తొమ్మిదో నెల పెట్టాల్సిన అవసరం రాలేదు.

"నాకు మొదటి వారమే తెలిసిందక్కా," అంది. "ఆ దగ్గు చిన్నప్పటినించీ నా చెవుల్లోనే ఉంది. షెడ్డులో అందరూ దగ్గుతారు గందా, అందులో నాదీ కలిసిపోద్దనుకున్నా. నువ్వు ఘాటంటే ఘాటే అనుకుందామనే వచ్చేదాన్ని. షెడ్డులో వాళ్లంతా ఒక్క చెంబుతో నీళ్లు తాగుతారు. ఇది తెలిస్తే నన్ను ఆ కాయల గుట్ట చుట్టూ కూర్చోనిస్తారా?"

నేను విన్నాను. నెలన్నరగా నేను మందునని అనుకుంటుంటే, ఆ మనిషి నన్ను సాకుగా వాడుకుంది. నూరినంతసేపూ ఒక అబద్ధాన్ని మెత్తగా నూరాను. తేనె కలిపి మరీ ఇచ్చాం.

నాంచారమ్మ ఆమె కన్నీళ్లు తన కొంగుతో తుడిచి, "నువ్వంటే భయపడి దాచావు. ముసలిదాన్ని, నాకేం పుట్టిందే?" అంది. లేచి, చెప్పులేసుకుని, ఆ ఎండలోనే మస్తాన్‌బీ చేయి పట్టుకుని కోడలు ఏ వీధిలో ఉందో వెతుక్కుంటూ బయల్దేరింది.

శివపార్వతి అత్తని ఒక్క మాట అనలేదట. 'నేను ముందే చెప్పాను' అని అనగలిగే సమయం అది. సంచిలోంచి మూత ఉన్న చిన్న డబ్బా తీసి, పొద్దున లేవగానే లోపలినుంచి దగ్గి ఇందులో ఉమ్మాలని మస్తాన్‌బీకి నెమ్మదిగా చెప్పింది. మర్నాడు ముగ్గురూ ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లారు. ఎక్స్‌రే కూడా తీశారు. క్షయ అని తేలింది. ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకోవాలన్నారు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఊపిరితిత్తి బాగా దెబ్బతినేదని డాక్టరమ్మ అందట. నాంచారమ్మకీ శివపార్వతికీ కూడా పరీక్షలు చేశారు. ఏమీ లేదన్నారు.

ఇంటికి వచ్చిన నాంచారమ్మ నన్ను ఎత్తి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. పెరట్లో నీళ్ల డ్రమ్ము మూత గాలికి ఎగిరిపోకుండా దాని మీద బరువు పెట్టింది. ఆ బరువు నేనే. పొత్రాన్ని పచ్చడిబండ పక్కన పడేసింది. వర్షం వస్తే నా బొజ్జలో నీళ్లు నిండేవి, కాకి వచ్చి తాగేది. ఆచార్యులు గారి వారసుడు కాకులకి చలివేంద్రం పెట్టుకున్నాడు. అయితే ఒకటి చెప్పాలి: నేనున్నన్నాళ్లూ ఆ మూత ఒక్కసారి కూడా ఎగరలేదు. తిరుగులేకుండా చేసిన పని నా జీవితంలో అదే.

డ్రమ్ము మీదనుంచి నాకు మెట్లు కనబడేవి. మొదటి రెండు నెలలూ మస్తాన్‌బీ పనికి పోలేదు. చెల్లెలి దగ్గరికి వినుకొండ వెళ్లిందని నాంచారమ్మ షెడ్డులో చెప్పింది. పొద్దున్నే మస్తాన్‌బీ ఇంటికి వెళ్లి, మాత్రలు మింగేదాకా ఎదురుగా కూర్చుని వచ్చేది. మొదట్లో ఆ మాత్రలకి కడుపులో తిప్పేది, అన్నం సయించేది కాదు. "ఇవాల్టికి మానేస్తా అక్కా," అనేదట. "మానేస్తే నేనూ అన్నం మానేస్తా," అనేదట నాంచారమ్మ. కోడిగుడ్లు ఉడకబెట్టి, వేరుశనగపప్పు ఉండలు చేసి పట్టుకెళ్లేది. పెట్టి రావడం కాదు. లోపలికి వెళ్లి, కిటికీ తలుపులు బార్లా తెరిచి, పక్కన కూర్చుని తినిపించి వచ్చేది.

మూడో నెలలో, ఇక అంటించే భయం లేదని డాక్టరమ్మ చెప్పాక, మస్తాన్‌బీ మళ్లీ గుట్ట చుట్టూ తన చోట కూర్చుంది. నీళ్లు తాగడానికి మాత్రం ఇంటినుంచి స్టీలు గ్లాసు తెచ్చుకునేది. ఎవరూ అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆరు నెలలూ పూర్తయ్యాయి. మందులు ఆపమన్నారు. సీజనైపోయినా కోల్డ్ స్టోరేజీ కాయలతో షెడ్డు నడుస్తూనే ఉంది. ఆ తర్వాత కొద్దిరోజులకి శివపార్వతి ఆసుపత్రివాళ్లతో మాట్లాడి షెడ్డు వరండాలో దగ్గు పరీక్షల శిబిరం పెట్టించింది. బల్ల వేశారు, డబ్బాలు పేర్చారు, ఒక నర్సమ్మ వచ్చి కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కరూ లేవలేదు. ఆ బల్ల దగ్గరికి వెళ్తే వెళ్లినట్టే కదా, అందరూ చూస్తారు కదా! నోటి గుడ్డలు ఇంకాస్త బిగించుకుని, దగ్గు కూడా లోపలికి మింగేస్తూ ముచ్చికలు తీస్తూ కూర్చున్నారు. ఆ షెడ్డు చరిత్రలో అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదట.

పదిన్నరకి నాంచారమ్మ ఇంటికి వచ్చింది. డ్రమ్ము మీదనుంచి నన్ను దించి, పీచుతో రుద్ది కడిగి, పొత్రాన్ని వెతికి, ఇద్దర్నీ గంపలో వేసుకుని షెడ్డుకి తీసుకెళ్లింది. నర్సమ్మ బల్లకి పది అడుగుల దూరంలో చాప పరిచి, నాలో మిరియాలు పోసి నూరడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వాళ్లందరికీ తెలుసు. ముందు ఒకరు, తర్వాత ముగ్గురు, చూస్తుండగానే చాప చుట్టూ ఇరవై మంది చేరారు. ముప్పై ఏళ్లకి పైబడ్డ వైద్యానుభవం గల నన్ను గాలానికి గుచ్చిన ఎరని చేసిందని అప్పటికి అర్థమైంది. ఉక్రోషం రావాలి. కానీ డ్రమ్ము మీదనుంచి వచ్చినవాణ్ణి, ఎర ఉద్యోగమైనా పదోన్నతిలాగే కనబడింది.

నాంచారమ్మ ఒక్కొక్కరినీ అడుగుతోంది. "ఎన్నాళ్లనించి?" మూడు రోజులంటే మందు ఇస్తోంది. నెల అంటే మాత్రం, "నాకు చేతకాదు, అదిగో ఆ బల్ల కాడికి పో," అంటోంది. చేతకాదన్న మాట ఆమె నోట విని వాళ్లు బిత్తరపోయారు. బల్ల వైపు చూశారు. ఎవరూ కదల్లేదు.

సలోమి అనే పడుచుపిల్ల కొత్తగా పనిలో చేరింది. దగ్గుతూ వచ్చి కూర్చుంది.

"ఎన్నాళ్లనించే?"

"నిన్నటినించే, పెద్దమ్మా."

ఆడవాళ్ల వెనక నిలబడిన మస్తాన్‌బీ ముందుకి వచ్చింది. సలోమి పక్కన కూర్చుని, గుడ్డ తీసి, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"నిన్నటినించి కాదు, తల్లీ. ఆ చీర నీ ఒంటి మీద ఎట్టా వేలాడతందో నాకు కనపడతంది. నేను వినుకొండ పోలా. మా ఇంట్లోనే ఉన్నా. నాకు టీబీ వచ్చింది. ఆరు నెలలు మాత్రలు మింగా. ఇప్పుడు తగ్గింది. ఇదిగో, మీ ముందే ఉన్నా."

ఆమెకి దగ్గరగా ఉన్న ఒకావిడ కొంచెం వెనక్కి జరిగింది. మస్తాన్‌బీ అది చూసింది. చూసి, చేతిలోని గ్లాసు గట్టిగా పట్టుకుంది.

నాంచారమ్మ ఆ గ్లాసు ఆమె చేతిలోంచి తీసుకుంది. షెడ్డు కుండలోంచి నీళ్లు ముంచుకుని గటగటా తాగింది. మళ్లీ ముంచి మస్తాన్‌బీకిచ్చింది. "గ్లాసుకీ కంచానికీ అంటే జబ్బు కాదంట ఇది. మా కోడలు చెప్పింది. మాత్రలు మింగితే ఆ దగ్గుతో కూడా అంటదంట. నెలన్నర దీన్ని నా మెట్ల మీద కూర్చోబెట్టి మిరియాలు పోసినదాన్ని నేను. సిగ్గుపడాల్సింది ఎవరన్నా ఉంటే నేనే. ఇంకెవరూ సిగ్గుపడబల్లా."

వెనక్కి జరిగిన ఆవిడే మళ్లీ ముందుకి జరిగి, "ఏదీ, నాకూ పొయ్యక్కా ఆ గ్లాసుతో," అంది.

మస్తాన్‌బీ సలోమి చేయి పట్టుకుని లేపింది. "పద. నీతో నేనొస్తా." ఇద్దరూ ఆ పది అడుగులూ నడిచారు. వాళ్ల వెనక ఇంకొకామె లేచింది. ఆ తర్వాత నాంచారమ్మ కూడా లేచి వరస పెట్టించడానికి పోయింది. చాప మీద నేనూ పొత్రమూ మిగిలాం.

ఆ రోజు పదకొండు మంది డబ్బాలు తీసుకున్నారు. సలోమికి ఆ జబ్బు లేదనీ, ఒంట్లో నెత్తురు తక్కువనీ తర్వాత తేలింది. ఇంకో ఇద్దరికి ఉందని తేలింది. వాళ్లు మందులు మింగుతున్నారు. వాళ్ల ఇళ్ల కిటికీలు తెరిపించే పని మస్తాన్‌బీ తీసుకుంది.

శిబిరం అయిపోయి బల్ల ఎత్తేశాక శివపార్వతి చాప దులపడానికి వచ్చింది. నాలో మిరియాలు సగం నలిగి అలాగే ఉన్నాయి.

"అత్తా, ఇవి పారబోయనా?"

"పారబోయడమెందుకే, బంగారం లాంటి మిరియాలు. చారులో వేస్తా," అంది నాంచారమ్మ.

వేసింది. ఆ సాయంత్రం ముగ్గురూ మెట్ల మీద కూర్చుని అన్నం తిన్నారు. మస్తాన్‌బీ ఆ చారు రెండు గ్లాసులు పోయించుకుని తాగింది. దగ్గుకి కాదు, బాగుందని.